తెఱచిన సెషనును మూయువారెవరు?

తెలుగు చెప్పువారికి కంప్యూటరు గొడవ యేల యని కొందరు నవ్వవచ్చును. ఇంజనీరింగు చదువుచున్న మా పూర్వవిద్యార్థులు సెలవులకు వచ్చినపుడు తమ ఇంగ్లీషు కరదీపికలను అర్థము చెప్పుమని మా యొద్దకే తెచ్చుచున్నారు. ఆ పరిచయముతోనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఒక కార్యాలయములోని రౌటర్లు, స్విచ్చులు, ప్రింటర్లు సవ్యముగ పనిచేయుచున్నవో లేవో ఎడతెగక కనిపెట్టుటకు ఎస్‌.ఎన్‌.ఎం.పి. అను పద్ధతి 1988 నుండి కలదు. ప్రోగ్రాము ప్రశ్నించును, పరికరము బదులిచ్చును. ఈ ప్రశ్నోత్తరములను సీ భాషలో నడుపుటకు నెట్-ఎస్‌ఎన్‌ఎంపి అను లైబ్రరీ ప్రసిద్ధము. మొదట సెషను తెఱచి, ప్రశ్న పంపి, పని ముగిసిన పిదప సెషను మూయవలయును.

చిక్కంతయు ఈ సెషను అను మాటతోనే వచ్చినది. నిఘంటువు చూచి మన పిల్లలు దానిని ‘సమావేశము’ అనుచున్నారు. సమావేశమనగా ఇరుపక్షములు కూర్చుండవలె గదా! ఇచ్చట అట్టిది లేదు. ఈ ప్రశ్నలు సాధారణముగ యు.డి.పి. మార్గమున పోవును, అది ముందుగా సంబంధము కలుపుకొనని మార్గము. మనము సెషను తెఱచినట్లు గాని, మూసినట్లు గాని ఆవలి రౌటరునకు తెలియనే తెలియదు. చిరునామా, సంకేతపదము, నిరీక్షించు గడువు, ఒక సాకెట్టు—ఇవన్నియు మన యంత్రములోనే యుండును. (చాల చోట్ల ఆ సంకేతపదము ‘పబ్లిక్’ అనియే యుండుట వేఱొక వినోదము.) కనుక దీనిని అంగడివాడు తన పుస్తకములో తెఱచిన పద్దు వంటిదనుట మేలు. మనము మూయనిచో ఆవలివాడు వచ్చి మూయడు.

మూయకున్న నేమగును? లినక్సులో ఒక ప్రోగ్రాము ఒకేసారి తెఱచి యుంచుకొనదగిన ఫైళ్లు, సాకెట్ల మేర సాధారణముగ 1024. పది పరికరములను ఐదేసి నిమిషములకు ఒకసారి ప్రశ్నించుచు, ప్రతిసారియు క్రొత్త సెషను తెఱచి విడిచిపెట్టినచో గంటకు 120 చొప్పున మిగులును. ఉదయము తొమ్మిదింటికి మొదలిడిన కావలి సాయంకాలము ఐదున్నరకు గ్రుడ్డిదగును. నెట్‌వర్కు నిక్షేపముగా నుండును, కావలివాడే పడిపోవును. ఆ మౌనమును క్షేమమని భ్రమించుట మఱింత ప్రమాదము.

పాఠ్యపుస్తకములలోని ప్రోగ్రాములు ఒక ప్రశ్న యడిగి అంతమగును. ముగియగనే ఆపరేటింగ్ సిస్టమే సర్వమును ఊడ్చివేయును. అందుచే విద్యార్థికి తన లోపము కనబడదు. రేయింబవళ్లు నడచు ప్రోగ్రామున కా సదుపాయము లేదు. మూయు వాక్యము చివర వ్రాసినను చాలదు. పరికరము పలుకనిచో లైబ్రరీ సెకను నిరీక్షించి, మరి ఐదు పర్యాయములు అడిగి, తుదకు విఫలమైనట్లు తెలుపును. అంతట విద్యార్థి తొందరపడి ఫంక్షను నుండి మధ్యలోనే తిరిగివచ్చును. చివరి వాక్యము నడువనే నడువదు.

పైథానులో ‘విత్’ అను నిర్మాణమున్నది, తగినట్లు వ్రాసిన లైబ్రరీలలో అదియే మూయును గదా యని మా పిల్లలే వాదించిరి. అది మంచి సౌకర్యమే. ఉద్యోగమున తప్పక వాడుకొందురు గాక. కాని ఏది మూయబడుచున్నదో ఎఱుగక ముందే ఆ సౌకర్యమును చేతికిచ్చుట మాకు సమ్మతము కాదు. తొలి ఏడాది తమ చేతితోనే తెఱచి, తమ చేతితోనే మూయవలెను. పరీక్షలో సెషను నిర్వచనము అడుగుటకు మాఱుగా, పరికరము బదులీయనపుడు నీ ప్రోగ్రాము ఏ పంక్తిలో సెషను మూయునని అడుగుదురేని, పిల్లలు ఆ పంక్తికై వెదకుదురు.