మోడల్ కంప్యూటర్‌లో ఉంటే సరిపోదు, నౌపడ కాలనీకీ కనపడాలి

2023 ఏప్రిల్ 19న శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టుకు శంకుస్థాపన జరిగింది. అంచనా వ్యయం రూ.4,362 కోట్లు. ఊళ్లు వదలాల్సిన మూలపేట, విష్ణుచక్రం కుటుంబాలకు అదే మండలంలోని నౌపడలో పునరావాస కాలనీ అన్నారు. అలాంటి కాలనీల్లో పునాది ఎంత లోతు, స్లాబులో ఇనుము ఎంత అన్న లెక్కలు ఎస్టిమేట్‌లోనూ, ఎం-బుక్‌లోనూ ఉంటాయి. ఆ రెండూ ఇంజనీరు బీరువాలో ఉంటాయి. అందులో బతకాల్సిన వాళ్లకు మాత్రం కనపడవు.

ప్రభుత్వ నిర్మాణాల్లోకి ఇప్పుడు కొత్త పద్ధతి వస్తోంది. దాని పేరు బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, పొట్టిగా బిమ్. కాగితం మీది ప్లానులో ఉండేవి గీతలే. బిమ్‌లో ప్రతి స్తంభానికీ, దూలానికీ కొలత, సరుకు, ధర, తేదీ జతచేసి ఉంటాయి. టెండరుకు ముందే సిమెంటు ఎంతో, ఇసుక ఎంతో తేలిపోతుంది. బ్రిటన్ 2016 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వ పనులకు దీన్ని తప్పనిసరి చేసింది. మన దేశంలో నాగపూర్ మెట్రో వాడింది. దీన్ని మేము వ్యతిరేకించడం లేదు. ఇది ఎవరి చేతిలో ఉంటుందన్నదే మా ప్రశ్న.

నౌపడ ఉప్పు మళ్ల నేల. ఉప్పుగాలికి కాంక్రీటులోని ఇనుము తుప్పు పడుతుంది. సముద్రతీర కట్టడాల్లో ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కవర్ ఉండాలని ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. మోడల్‌లో 45 చూపి, సైట్‌లో 20తో సరిపెడితే పదేళ్లలో పెచ్చులూడేది పేదోడి నెత్తినే. ఆ తేడా పట్టుకోవాలంటే మోడల్ కాలనీవాసుల చేతిలో ఉండాలి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) పనిని తనిఖీ చేసే హక్కు, సరుకు నమూనా తీసుకునే హక్కు, కంప్యూటర్‌లోని సమాచారాన్ని పొందే హక్కు ఇచ్చింది. మోడల్‌కూ అది వర్తించాల్సిందే.

చూసే దారులు మాత్రం మూసుకుపోతున్నాయి. రూ.100 కోట్లు, ఆపై పనుల టెండర్లను న్యాయమూర్తి ముందుంచి ప్రజల అభిప్రాయాలూ తీసుకునే చట్టం 2019లో వచ్చింది. 2024లో దాన్ని రద్దు చేశారు.

రెండో ప్రమాదం టెండరు నిబంధనల్లో ఉంది. నామినేషన్ పనుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 50 శాతం వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 2019లో చట్టం చేసింది. కర్ణాటక చిన్న పనుల టెండర్లలోనే ఎస్సీ, ఎస్టీ కాంట్రాక్టర్లకు వాటా పెట్టింది. కేంద్రం ఎస్సీ, ఎస్టీ చిన్న పరిశ్రమలకు ఇచ్చిన 4 శాతం కొనుగోలు కోటా నిర్మాణ పనులకు వర్తించదు. ఇప్పుడు టెండరు వేయాలంటే బిమ్ సాఫ్ట్‌వేర్, నిపుణులు ఉండాలని షరతు పెడితే ఏమవుతుంది? ధరావత్తు కట్టడానికే అప్పుచేసే దళిత కాంట్రాక్టరు పెద్ద కంపెనీ కింద సబ్ కాంట్రాక్టరుగా మిగులుతాడు. వాటా కాగితం మీదే ఉంటుంది.

సమాచారం నివాసులకు అందకపోతే ఏమవుతుందో లండన్ చూసింది. 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయారు. భద్రత గురించి అక్కడి నివాసులు ముందే మొత్తుకున్నారు, ఎవరూ వినలేదు. ఆ తర్వాత జరిగిన హాకిట్ సమీక్ష, భవనం వివరాలన్నీ డిజిటల్ రికార్డుగా ఉండాలనీ, నివాసుల మాటకు విలువ ఉండాలనీ చెప్పింది. మనం ఆ పాఠాన్ని శవాల లెక్క తర్వాత నేర్చుకోనక్కర్లేదు.

అందుకే మా డిమాండ్లు ఇవి. మోడల్‌ను ప్రభుత్వమే తయారు చేయించి, టెండరు వేసేవాళ్లందరికీ ఉచితంగా ఇవ్వాలి. ఏ ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్‌కో కట్టుబడని ఐఎఫ్‌సీ ఫార్మాట్‌లో అది ఉండాలి. చిన్న పనులకు బిమ్ అర్హత షరతు పెట్టకూడదు. దళిత డిప్లొమా, ఇంజనీరింగ్ యువతకు ఎస్సీ కార్పొరేషన్ ద్వారా శిక్షణ ఇవ్వాలి. పునరావాస కాలనీ అయినా, ఎస్సీ హాస్టల్ అయినా, పని మొదలవకముందే మోడల్‌ను గ్రామసభలో తెలుగులో చూపించాలి. బిల్లు చెల్లించే ముందు మళ్లీ అదే సభలో, కట్టిందాన్ని మోడల్‌తో పోల్చి చూపించాలి.