పంటి బిగువున దాచుకున్న భయం

మావాడు పదో తరగతి. రెండు నెలలుగా అన్నం ఒకవైపే నములుతున్నాడని నేను గమనించనే లేదు. చేగోడీలు పెడితే వద్దన్నాడు, చెరకు ముక్క ఇస్తే చెల్లెలికి ఇచ్చేశాడు. చదువు ఒత్తిడిలో ఆకలి తగ్గిందేమో అనుకున్నాను. ఒక ఆదివారం వాడి స్కూలు బ్యాగు ఉతుకుదామని ఖాళీ చేస్తే పక్క జేబులో లవంగ నూనె సీసా, కాస్త దూది బయటపడ్డాయి.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"పన్ను నొప్పమ్మా. డాక్టర్ దగ్గరికి మాత్రం వద్దు, ప్లీజ్."

నాకన్నా పొడుగైన పిల్లాడు. ఆ మాట అంటుంటే గొంతు వణికింది. పంటి బిగువున భరించాడంటాం కదా, నొప్పి పంట్లోనే ఉంటే ఇక దేని బిగువున భరిస్తాడు!

ఈ భయం ఎక్కడిదా అని ఆలోచిస్తే సగం నా చేతి చలవే. చిన్నప్పుడు అన్నం తినకపోతే "డాక్టర్‌తో ఇంజక్షన్ వేయిస్తా" అన్నది నేనే. చాక్లెట్ అడిగితే "పళ్లన్నీ పీకించేస్తా" అన్నదీ నేనే. ఏడేళ్లప్పుడు పాలపన్ను తీయించడానికి తీసుకెళ్లి "ఏం కాదు నాన్నా, చీమ కుట్టినట్టుంటుంది" అని నమ్మించాను. నర్సు కాళ్లు పట్టుకుంది, నేను చేతులు పట్టుకున్నాను. వాడు ఏడుస్తూ డాక్టర్ వైపు చూడలేదు, నావైపే చూశాడు.

మిగతా సగం ఫోన్ పుణ్యం. రాత్రుళ్లు దుప్పట్లో దూరి పన్ను నొప్పి గురించి వెతికాడట. రక్తం కారే వీడియోలు, రూట్ కెనాల్ నరకమని చెప్పే వీడియోలు వచ్చాయట. అలాంటిది ఒకటి చూస్తే ఫోన్ ఇంకో పది తెచ్చి ముందు పెడుతుంది. అలా చూసీ చూసీ భయాన్ని కొండంత చేసుకున్నాడు.

ముందు ఫోన్ లాక్కుందామనే అనుకున్నాను. చివరికి అదే ఫోన్ వాణ్ణి డాక్టర్ కుర్చీ దాకా తీసుకెళ్లింది. అందుకే ఈ విషయంలో నా అభిప్రాయం రాయాలనిపించింది. పంటి డాక్టరంటే భయపడే టీనేజ్ పిల్లలకు ఫోన్ నిజంగా సాయం చేస్తుంది. కానీ వాళ్ల నోరు మూయించడానికి వాడితే చెయ్యదు, వాళ్లు నోరు విప్పడానికి వాడితేనే చేస్తుంది.

మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. డాక్టరమ్మకు ఫోన్ చేసి సంగతి చెబితే, "నొప్పికి ఇప్పటికి మాత్ర రాస్తాను. మీరు కాదు, బాబునే నాకు వాట్సాప్‌లో రాయమనండి" అన్నారు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే పెదవి విప్పని పిల్లాడు అరగంట కూర్చుని రాశాడు. సూది కన్నా డ్రిల్ చప్పుడంటే ఎక్కువ భయమనీ, చేతులు పట్టుకుంటే ఊపిరాడదనీ, చిన్నప్పుడు అబద్ధం చెప్పారనీ రాశాడు. ఆ మూడో మాట చదివి కాసేపు వంటింట్లోంచి బయటికి రాలేకపోయాను.

ఆవిడ తన గదిని ఫోన్‌లో తీసి పంపారు. కుర్చీ, లైటు, నీళ్లు పీల్చే గొట్టం, డ్రిల్, ఏది ఎందుకో చెబుతూ రెండు నిమిషాల వీడియో. ముందు చెప్పడం, తర్వాత చూపించడం, ఆ తర్వాతే చెయ్యడం అనేది పిల్లల పంటి వైద్యంలో 1959 నుంచీ ఉన్న పద్ధతే. ఇప్పుడు ఆ మొదటి రెండూ ఇంట్లోనే జరిగిపోయాయి. డ్రిల్ చప్పుడు రికార్డింగును మావాడు రోజూ కొంచెం కొంచెం వాల్యూమ్ పెంచుకుంటూ విన్నాడు. మొదటిరోజు పది సెకన్లకే ఆపేశాడు. ఐదోరోజు ఆ చప్పుడు వింటూనే లెక్కలు చేసుకున్నాడు.

ఇది మా సొంత చిట్కా అనుకోకండి. స్వీడన్‌లో కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 8 నుంచి 15 ఏళ్ల పిల్లల కోసం ఇలాంటి వీడియోలు, అభ్యాసాలతో ఇంటర్నెట్‌లో 12 వారాల పాఠాలు తయారుచేసి, తల్లిదండ్రులను కూడా కలుపుకుని నడిపితే పిల్లల భయం తగ్గింది. భయపడే పిల్లల కోసం ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన పుస్తకం పేరుకే 'మీ పళ్లు, పగ్గాలు మీ చేతిలో' అని అర్థం. అసలు కిటుకంతా ఆ పేరులోనే ఉంది.

అందుకే చికిత్స రోజు డాక్టరమ్మ ముందే ఒప్పందం చేసుకున్నారు. ఎడమ చెయ్యి ఎత్తితే ఆపేస్తానన్నారు. హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోమన్నారు, రెండో చెవి తన మాట వినడానికట. పాటలు వాడే ఎంచుకున్నాడు. మూడుసార్లు చెయ్యెత్తాడు, మూడుసార్లూ ఆవిడ ఆపారు. నాలుగోసారి ఎత్తలేదు. ఆపమంటే ఆపుతారన్న నమ్మకం కుదిరాక ఆపాల్సిన అవసరమే రాలేదు.

ఇక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. పిల్లాడు వీడియో చూస్తున్నాడు కదా అని చెప్పకుండా సూది గుచ్చితే అది పాత మోసమే, పరికరం మారిందంతే. కళ్లకు పెట్టే వీఆర్ అద్దాలు కొన్నిచోట్ల వాడుతున్నారు, చాలామంది పిల్లలకు హాయిగానే ఉంటుందంటారు. కానీ ఏం చేస్తున్నారో కనబడకపోతే ఇంకా భయపడే పిల్లలూ ఉంటారు. ఏది కావాలో వాళ్లనే అడగాలి. ఇంకో మాట. చెంప వాచినా, జ్వరం వచ్చినా వీడియోలూ అభ్యాసాలూ అంటూ కూర్చోకూడదు, వెంటనే పరుగెత్తాలి.

మా అత్తగారు "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? పట్టుకుని పీకేసేవాళ్లు" అన్నారు. నిజమే. అందుకే ఆవిడ యాభై ఏళ్లకే జంతికలు దంచుకుని తినడం మొదలుపెట్టారు. మళ్లీ డాక్టర్ గడప తొక్కితేగా! ధైర్యం అనుకున్నది చాలాసార్లు తప్పించుకు తిరగడమే.

తప్పించుకుంటే ఏమవుతుందో మావాడి విషయంలోనూ చూశాం. పుచ్చింది కింద దవడలో పెద్ద పన్ను. ఆరేళ్లప్పుడు వచ్చే ఆ పన్ను పాలపన్ను కాదు, పోతే మళ్లీ రాదు. మొదట్లోనే చెప్పి ఉంటే సిమెంట్ పెట్టి పంపేసేవాళ్లు. దాచుకున్నందుకు మూడుసార్లు వెళ్లి రూట్ కెనాల్ చేయించుకుని, పైన క్యాప్ వేయించుకోవాల్సి వచ్చింది.

పంటి వైద్యమంటే భయం ఎంతుందో తెలుసుకోవడానికి ఐదు ప్రశ్నల పట్టిక ఒకటుంది, 1995 నుంచి వాడుకలో ఉంది. రేపు డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే ఎలా ఉంటుంది, బయట కూర్చున్నప్పుడు ఎలా ఉంటుంది, డ్రిల్, క్లీనింగ్, చిగురులో ఇంజక్షన్ అంటే ఎలా ఉంటుంది అని అడుగుతారు. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 19, ఆపైన వస్తే భయం బాగా ఎక్కువని లెక్క. డాక్టరమ్మ ఫోన్‌కి పంపితే మావాడు మొదట్లో నింపితే 20 వచ్చాయి. చికిత్స అయ్యాక మళ్లీ నింపితే 13.

"నువ్వు కూడా నింపమ్మా" అని ఫోన్ నాచేతికిచ్చాడు. నాకు 22 వచ్చాయి. నా పై దవడ పన్ను ఎన్నేళ్లుగానో చల్లనీళ్లకు జివ్వుమంటోంది. తీరిక లేదని ఇంట్లో చెబుతూ వచ్చాను. వాడు ఆ అంకె చూసి నవ్వలేదు. "డాక్టరమ్మకి నువ్వే మెసేజ్ పెట్టు. నేను వస్తాను నీతో" అన్నాడు.

వచ్చే గురువారం వెళ్తున్నాం. "చీమ కుట్టినట్టుంటుందా?" అని వాణ్ణి అడిగాను. "కాదమ్మా, కొంచెం నొప్పుంటుంది. చెయ్యెత్తితే ఆపుతారు" అన్నాడు. ఎనిమిదేళ్ల కిందట నేను చెప్పాల్సిన మాట అది.

మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే అన్నం తినిపించడానికి డాక్టర్ని బూచాణ్ణి చెయ్యకండి. పెద్దపిల్లలుంటే పన్ను సంగతి ఎదురుగా నిలదీయకండి, ఒక మెసేజ్ పెట్టి అడిగి చూడండి. ఏం రాస్తారో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు.