పత్రికలకూ మద్దతు ధర! మరి విలేకరికి?



2025 నవంబర్‌లో కేంద్ర ప్రభుత్వం పత్రికలకు మద్దతు ధర పెంచింది. వాళ్లు దాన్ని ప్రకటనల రేటు అంటారు. లక్ష కాపీల దినపత్రికలో చదరపు సెంటీమీటరుకు 47 రూపాయల 40 పైసలున్నది 59 రూపాయల 68 పైసలైంది. ఒక్క దెబ్బకు 26 శాతం. అదే ఏడాది మన కందికి క్వింటాలుకు 7,550 నుంచి 8,000 చేశారు. 6 శాతం. పైగా విదేశీ కంది సుంకం లేకుండా 2026 మార్చి 31 దాకా రావచ్చన్నారు. తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు ఇచ్చిన దేశంలోనే ఇది.

పత్రికల కష్టం అబద్ధం కాదు. పాఠకులు ఫోన్లకు పోయారు, ప్రైవేటు ప్రకటనలను గూగుల్, ఫేస్‌బుక్ లాక్కుపోయాయి. 2020 లాక్‌డౌన్‌లో పేజీలు తగ్గాయి, ఎందరో విలేకరులు రోడ్డున పడ్డారు. కాగితంపై 5 శాతం దిగుమతి సుంకం ఎత్తేయాలని, రెండేళ్లు పన్ను వద్దని, ప్రకటన రేటు 50 శాతం పెంచాలని యజమానుల సంఘం అప్పుడు కేంద్రాన్ని అడిగింది. నష్టపోయినవాడు అడగడంలో తప్పేముంది? మనమూ అడుగుతాం. మనం అడిగితే మాత్రం కొన్ని పత్రికలకు అవి ‘ఉచితాలు’.

మన తగాదా సాయంతో కాదు, అది చేరే చేతితో. మండల విలేకరిని చూడండి. పొద్దున యార్డులో, మధ్యాహ్నం తహసీల్ ఆఫీసులో, రాత్రి పోలీస్ స్టేషన్ దగ్గర ఉంటాడు. జీతమంటూ ఉండదు. అచ్చయిన వార్తకు లెక్కగట్టి ఇచ్చేది పెట్రోలుకు చాలదు. కానీ ఆగస్టు 15కు, దసరాకు ప్రకటనల టార్గెట్ మాత్రం నెత్తిన ఉంటుంది. అవి ఎవరిస్తారు? నాపరాళ్ల వ్యాపారి, అడ్తిదారు, నాయకుడు. ఒక యార్డులో తరుగు పేరుతో బస్తాకు కిలో కోస్తుంటే మనవాళ్లు తూకం ఆపిన రోజు ఒక విలేకరి తమ్ముడు ఫొటోలు తీశాడు, వార్త పంపాడు. అది రాలేదు. "అన్నా, ఆ సేటు దసరాకు పెద్ద యాడ్ ఇచ్చిండు, నేనేం జేయాలె" అన్నాడు తల దించుకొని. ఆ పిల్లగాణ్ని తిట్టబుద్ధి కాలేదు.

2024 నవంబర్ 11న లగచర్లలో అధికారులపై దాడి జరిగిందన్న వార్త గంటలో రాష్ట్రమంతా పాకింది. ఫార్మాకు భూములివ్వమని తండాలవాళ్లు అంతకుముందు నుంచీ చెప్పిన మాట ఏ మూల పేజీలో పడిందో వెతుక్కోవాలి. అరెస్టులయ్యాక ఆడవాళ్లు ఢిల్లీ దాకా పోయి గోడు చెప్పుకున్నారు. నెలాఖరుకు నోటిఫికేషన్ వెనక్కి పోయింది. అది ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం. సర్కారు ప్రకటనల మీద బతికే పత్రిక అక్కడ ఎంతవరకు నోరు తెరుస్తుంది?

పక్క రాష్ట్రం ఇంకో దారి చూపింది. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విస్తృతంగా అమ్ముడయ్యే పత్రిక కొనుక్కోమని వలంటీర్లకు తలా నెలకు 200 రూపాయలు మంజూరు చేసింది. 2.66 లక్షల మందికి నెలకు 5.32 కోట్లు. జీవోలో ఏ పత్రిక పేరూ లేదు. ముఖ్యమంత్రి కుటుంబానికే పత్రిక ఉన్నప్పుడు పేరెందుకు? ‘ఈనాడు’ కోర్టుకెక్కింది, కేసు సుప్రీంకోర్టు దాకా పోయి ఢిల్లీ హైకోర్టుకు మారింది. మన హైదరాబాద్‌లో సాయమంటే ఇళ్ల స్థలాలు. జడ్జీలు, ఎమ్మెల్యేలు, అధికారులతో పాటు జర్నలిస్టుల సొసైటీలకూ ఇచ్చిన భూముల జీవోలను 2024 నవంబర్ 25న సుప్రీంకోర్టు కొట్టేసింది. మండల విలేకరికి అందులో దక్కేదేముంది?

నార్వే 1969 నుంచి పత్రికలకు నేరుగా డబ్బిస్తోంది. కాపీల లెక్కను బట్టి చిన్న పత్రికలకు, ఊళ్లో రెండో స్థానంలో ఉన్న పత్రికకు. లెక్క ముందే రాసి ఉంటుంది కనుక మంత్రిగారి ముఖం చూడాల్సిన పని లేదు. ఇక్కడా అలాగే ఇవ్వండి, మేం అడ్డుపడం. ప్రజల డబ్బు తీసుకునే పత్రిక తన మండల విలేకరికి కనీస వేతనం కట్టాలి, ప్రకటనల టార్గెట్ ఎత్తేయాలి. ఈ రెండూ చేయని పత్రికకు సర్కారు ప్రకటన ఎందుకు?

ముందు మన జిల్లా లెక్క బయటికి రావాలి. గత మూడేళ్లలో వికారాబాద్ జిల్లాలోని ప్రభుత్వ కార్యాలయాలు ఏ పత్రికకు ఎంత విలువైన ప్రకటనలిచ్చాయో సమాచార హక్కు కింద ప్రతి మండల కమిటీ అడగాలి. జిల్లా ఆఫీసులో దరఖాస్తు రుసుం 10 రూపాయలు.