'నివాసి'కి నానార్థాలు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతూంటే మా వీధి హెడ్మాస్టరుగారు ఎదురయ్యారు. ఆయన రిటైరై పదేళ్ళయింది. కొడుకు అమెరికా పౌరుడై, తలిదండ్రులిద్దరికీ గ్రీన్‌కార్డులు తెప్పించాడు. అప్పటినుంచీ వారి కాపురం అక్కడ ఐదు నెలలు, చైతన్యపురిలో ఏడు నెలలు.

"ఏమయ్యా, ఆర్నెల్లు నిండకుండా వచ్చేస్తున్నాం గనుక అక్కడి పన్నుతో మనకు నిమిత్తం లేదు గదా?" అన్నారు. కొత్తపేటలో ఎవరో అలాగని భరోసా ఇచ్చారట.

ఇక్కణ్ణుంచి ఎల్.బి.నగర్ దాకా విదేశీ చదువుల బోర్డులకు కొదవలేదు. పిల్లల్ని విమానం ఎక్కించేవారు బోలెడుమంది. వెనక వెళ్ళివచ్చే పెద్దలకు లెక్క చెప్పేవారే తక్కువ. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు పన్నులతో పనేమిటని మీరనవచ్చు. కాని చిక్కంతా ఒక మాట దగ్గరే ఉంది. 'నివాసి' అంటే వీసా వారికి ఒక అర్థం, పన్ను వారికి మరొక అర్థం.

గ్రీన్‌కార్డు చేతిలో ఉన్నంతకాలం, అక్కడ ఎన్నాళ్ళున్నారన్న ప్రశ్న లేకుండా అమెరికా పన్ను చట్టానికి మీరు నివాసే. ఇక్కడి పెన్షను, పై వాటా అద్దె, డిపాజిట్ల వడ్డీ అన్నీ అక్కడి లెక్కలో చూపాలి. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ తగ్గింపు దొరుకుతుంది గనుక చాలామందికి డబ్బు భారం పెద్దగా ఉండదు, చూపకపోవడమే నేరం. అమెరికా బయటి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కనాడైనా 10,000 డాలర్లు, అనగా ఎనిమిది తొమ్మిది లక్షల రూపాయలు దాటితే వాటికి వేరే నివేదిక ఉంది. అది మరిస్తే జుల్మానా పన్నుకంటే పెద్దది.

ఆర్నెల్ల మాట పుట్టింది వేరే చోట. పౌరసత్వం కోరేవారు ఆర్నెల్లకు మించి బయట ఉంటే ఆ నివాసం తెగిందేమోనని అనుమానిస్తారు. ముందు అనుమతి లేకుండా ఏడాది దాటితే కార్డుకే ఎసరు. ఆర్నెల్లకోసారి కాలు మోపి వస్తే చాలన్న భరోసా కూడా చట్టంలో లేదు. అసలు కాపురం ఎక్కడన్నదే వారు చూస్తారు.

"మరి మా వియ్యంకుల సంగతో?" అన్నారాయన. వారిది ఎల్.బి.నగర్, విజిటర్ వీసా మీద ఏటా 150 రోజులు ఉండివస్తారు. అక్కడి లెక్క తమాషా అయినది. ఈ ఏటి రోజులు పూర్తిగా, నిరుటివి మూడోవంతు, ముందటేటివి ఆరోవంతు కలపాలి. 150, 50, 25, వెరసి 225. గీత 183 దగ్గర! కాపురం, సంబంధాలు ఇండియాలోనే అని కాగితం దాఖలు చేసి మినహాయింపు కోరవచ్చు. హెడ్మాస్టరుగారికి ఆ దారీ లేదు.

ఇక మన దేశంలో 182 రోజులుంటే నివాసి. 1961 చట్టం పోయి 2025 చట్టం వచ్చినా ఈ అంకె మారలేదు. గల్ఫు నుంచి సెలవుల్లో వచ్చే మనవారికి మటుకు, ఇక్కడి ఆదాయం పదిహేను లక్షలు దాటితే, 120 రోజుల గండం 2020లో పెట్టారు. పైగా మన సంవత్సరం ఏప్రిల్‌లో మొదలు, వారిది జనవరిలో. సౌరమానం, చాంద్రమానం కలిపి ముహూర్తం పెట్టినట్టే.

కనుక మాస్టారు ఏకకాలంలో రెండు దేశాలకూ నివాసి. 1989 నాటి భారత అమెరికా ఒడంబడికలో దీనికో తీర్పు ఉంది: సొంత ఇల్లు ఎక్కడ, బంధాలు ఎక్కడ బలంగా ఉన్నాయి అని వరసగా అడుగుతుంది. ఆ లెక్కన ఆయన ఇండియావాసి. కాని అక్కడి పన్ను కాగితం మీద ఆ మాట రాస్తే, నేనిక్కడ కాపురం లేనని ఒప్పుకున్నట్టే! కార్డు నిలవడం అనుమానం.

ఇంటికెళ్ళి ఈ మాటే చెబితే పిన్నిగారు, "మన కాపురం ఎక్కడని నన్నడిగితే, ఒడంబడిక లేకుండానే చెప్పేదాన్నిగా" అన్నారు. మాస్టారు మాట్లాడలేదు. మనవడికి ఇంకా నాలుగేళ్ళు.

మర్నాడు పొద్దున్నే పాసుపుస్తకాలన్నీ సంచిలో వేసుకుని ఆయన ఆడిటరు దగ్గరికి బయలుదేరారు. పిన్నిగారు తన డిపాజిట్ రసీదులు తెచ్చి ఇచ్చారు గాని, నవంబరు టిక్కెట్ల ఊసెత్తలేదు.