పఠనగోష్ఠి: పాచికలనుండి పుట్టిన డ్రాగనుల కథ



రెండు మాసముల క్రిందట నొక సోదరి నాకు వ్రాసిన యుత్తరమును ఈ శీర్షికలో ప్రకటించితిని. జ్ఞాపకము లేనివారికొరకు దాని సారాంశమును మరల చెప్పుచున్నాను. ఆమె కుమారుడు పదునాలుగేండ్లవాడు. తెలుగు పుస్తకమును చేతికిచ్చిన రెండు పుటలు త్రిప్పి బల్లపై బెట్టును. అట్టివాడు డ్రాగనులను గూర్చిన యొక లావుపాటి యాంగ్లనవలను అర్ధరాత్రము దాటువరకు చదువుచుండగా, పరీక్షలు దగ్గరపడినవని యామె దానిని లాగికొని బీరువాలో బెట్టి తాళము వేసినది. నాటినుండి పిల్లవాడు తల్లితో మాటలాడుట మానినాడు. "అన్నము పెట్టిన తినును. అడిగినదానికి తల యూపును. అంతకుమించి లేదు. ఆ పుస్తకము మంచిదో చెడ్డదో చదివి చెప్పుడు. చెడ్డదైనచో నేను చేసినది సరియేయని ధైర్యముగా నుండును" అని యామె కోరినది.

పుస్తకము పేరు 'డ్రాగన్స్ ఆఫ్ ఆటమ్ ట్విలైట్'. ఆంగ్లము వచ్చిన సోదరీమణులను దానిని చదివి తమ యభిప్రాయములను బంపుడని కోరితిని. నేనును నిఘంటువును ప్రక్కన బెట్టుకొని, చిక్కుపడినచోట మావారి నడుగుచు, మూడు వారములలో ముగించితిని. పదికి మించి యుత్తరములు వచ్చినవి. ఏ రెండును ఏకీభవింపలేదు.

ఈ గ్రంథము పుట్టిన విధమును ముందుగా చెప్పనిదే ఆ యభిప్రాయములు బోధపడవు. అమెరికాలో 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నిసన్ అనువారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను నాట నొకదానిని కల్పించి వెలువరించిరి. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుందురు. అందొకడు సూత్రధారుడు. "మీరు గుహద్వారమున నున్నారు, లోపల నేదియో బుసకొట్టుచున్నది, ఏమి చేయుదురు?" అని యాతడడుగును. తక్కినవారు ఒకడు యోధుడుగను, ఒకడు మాంత్రికుడుగను, ఒకడు దొంగగను, ఒకతె వైద్యము తెలిసిన సాధ్విగను ఉండి, తమ తమ పాత్రలకు దగినట్లు జవాబు చెప్పుదురు. ఆ పని ఫలించినదా లేదాయనునది పాచికలు తేల్చును. ఇరువది ముఖములుగల పాచిక యొకటి అందులో ముఖ్యము. మన వైకుంఠపాళివలె గడులు దాటి పరమపదము చేరుట ఇందులేదు. కథ ముందుకు సాగుటయే యాట.

ఆ యాటను ముద్రించు సంస్థ విస్కాన్సిన్ రాష్ట్రములో నుండెడిది. అందుద్యోగము దొరకగా, 1982లో ట్రేసీ హిక్మన్ అను నాతడు భార్యయగు లారాతో యూటా రాష్ట్రమునుండి కారులో బయలుదేరి, దారిపొడుగునను ఆలుమగలిద్దరు మాటలాడుకొని యల్లిన కథయే ఈ నవలకు బీజము. (ట్రేసీ యనునది ఇచ్చట పురుషుని పేరు. ఇద్దరు సోదరీమణులు పొరబడిరి గనుక చెప్పుచున్నాను.) పిదప నా సంస్థలోనే గ్రంథములను పరిష్కరించు పనిలోనున్న మార్గరెట్ వైస్ గారు ట్రేసీతో గలిసి దీనిని వ్రాసిరి. 1984లో మొదటిభాగమును, 1985లో తక్కిన రెండు భాగములును వెలువడినవి. అట్టపై మార్గరెట్ గారి పేరును ట్రేసీ పేరును ఉన్నవి. కారులో ప్రక్కన గూర్చున్న లారాగారి పేరు లేదు. ఇది నేను చదివినంతసేపును నా మనస్సును విడువలేదు.

ఇక కథ. క్రిన్ అనునొక లోకము. మూడువందల యేండ్లక్రిందట గర్వించిన మానవులపై దేవతలు మండుచున్న కొండను విసరిరట. నాటినుండి దేవతల జాడలేదు, రోగములను మాన్పు శక్తియు లోకమున లేదు. మహావృక్షముల కొమ్మలపై నిండ్లు గట్టుకొనిన యొక గ్రామములో, ఐదేండ్ల యెడబాటు పిమ్మట కొందరు స్నేహితులు పూటకూళ్ళయింట గలిసికొందురు. అచ్చటికి గోల్డ్‌మూన్ అను నాయకుని కూతురు నీలస్ఫటికపు దండమును చేబూని వచ్చును. అది గాయములను మాన్పును. డ్రాగనులనగా రెక్కలుగలిగి నిప్పులు గ్రక్కు మహాసర్పములు. అవి కట్టుకథలని యందరు దలచుచుండగా నిజముగనే వచ్చి యూళ్ళను దగ్ధము చేయును.

కళాశాలలో నాంగ్లము బోధించు నొక సోదరి ఇట్లు వ్రాసినది: "పుటపుటకును పాచికల చప్పుడు వినబడుచున్నది. ఒక గుహ, ఒక యుద్ధము, కొంత విశ్రాంతి. మరల నొక గుహ. ఒక యోధుడు, ఒక మాంత్రికుడు, ఒక దొంగ, ఒక సాధ్వి. ఇది నవలయా, ఆటబొమ్మల పెట్టెయా?" ఆమె చెప్పినదానిలో చాలవరకు సత్యము. మతిమరపు ముసలి మాంత్రికుడొకడు, ఫిజ్బన్ అనువాడు, దారి మూసికొనిపోయినపుడెల్ల వచ్చిపడుచుండును. పాచిక తప్పుపడినవేళ సూత్రధారుడు జాలితో చేయి యందించినట్లుండును. మురికిగుంటలలో నివసించు మరుగుజ్జుల జాతి నొకదానిని నవ్వుటకే కల్పించిరి. వారికి రెండుకు మించి లెక్కరాదని పదేపదే వెక్కిరించుట నాకును రుచింపలేదు. బీదవానిని, చదువురానివానిని జూపి నవ్వించుట యెచ్చటనైన సులభమే.

అయినను పాచికలనుండి పుట్టినదని మాత్రమే దీనిని త్రోసివేయుట మనకు తగదు. పాచికలు దొర్లనిచో మన భారతమే నడవదు. నలుడు దమయంతిని అడవిలో విడిచిపోవుటకు మూలము పాచికలే. అయితే భేదమొకటి కలదు. భారతములో పాచికలు కథలోపల దొర్లును. దొర్లినపుడు ధర్మరాజు మనస్సెట్టిదో, సభలోనివారి మౌనమెట్టిదో మనకు దెలియును. ఈ నవలలో పాచికలు కథకు వెలుపల, తెరవెనుక నున్నవి. కనుక ఎవడో గెలిచెను, ఎవడో యోడెను, మనకేమి? అనిపించు తావులు చాలగలవు. మొదటి సగములో నే నొకటి రెండు మారులు పుస్తకము మూసివేసి పోపుపెట్టె సర్దుకొంటిని.

అమెరికాలో కాపురమున్న యొక సోదరి ఈ యాటకు పక్షముగా దీర్ఘమైన యుత్తరము వ్రాసినది. 1980 దశకములో ఆ దేశపు తల్లులు కొందరు ఈ యాట పిల్లలను భూతపూజకును ఆత్మహత్యకును ఈడ్చునని భయపడి సంఘముగా నేర్పడి పోరాడిరట. ఆటవలన నట్టి హాని కలుగునని ఋజువు కాలేదు. బిడ్డను బోగొట్టుకొనిన తల్లి కారణమును వెదకుటను మాత్రము నేను తప్పుపట్టజాలను. ఈ గ్రంథకర్తలలో నొకరైన హిక్మన్ తన మతమున గాఢమైన నిష్ఠగలవాడు. కథయు లోకము మరచిన దేవతలను వెదకుకొనుచు పోవు కథయే. ఆ సోదరి కుమార్తె పదిమందిలో నోరు విప్పనిది, ఈ యాటలో నొక యోధురాలి పాత్ర ధరించి మొట్టమొదటిసారి గట్టిగా మాటలాడినదట. "నేను వంటయింటినుండి విని గరిట పట్టుకొని యట్లే నిలిచిపోయితిని" అని వ్రాసినది.

స్త్రీపాత్రలను గూర్చి తగవు ఎక్కువగా వచ్చినది. పూటకూళ్ళయింట వడ్డించు టీకా యను పిల్ల ఇనుప పెనముతో శత్రువును మోదుట నందరును మెచ్చిరి. ఆ యాయుధము మనకును పరిచితమే గదా. లారానా యను రాకుమారి మొదటిభాగములో ప్రియుని వెంటబడి యేడ్చుటయే పనిగా నున్నదని ఇద్దరు కోపించిరి. తొందరపడవద్దని వారికి చెప్పుచున్నాను. తరువాతి భాగములలో నామెయే సేనలను నడుపును. ఆటనియమములు కొంత సడలినపిమ్మటనే పాత్రలకు ప్రాణము వచ్చినదని నా యభిప్రాయము.

అందరును వ్రాసినది రైస్ట్లిన్ అను యువమాంత్రికుని గూర్చియే. మంత్రవిద్యాపరీక్షలో నాతని దేహము శిథిలమైనది, చర్మము బంగారువన్నెకు మారినది. కంటిపాపలు ఇసుకగడియారముల యాకారమును బొందినవి. ఆ కన్నులకు చూచినదెల్ల కాలముచే వాడిపోవుచు గనబడును. పడుచుపిల్ల మొగమున ముడుతలు, పువ్వునందు కుళ్ళు. మనవారు వైరాగ్యమునకై కోరుకొను దృష్టి యాతనికి శిక్షగా వచ్చినది. తెలివియు చేదుతనమును గల ఈ రోగిపై పడుచులెల్లరికిని మక్కువ. అతని కవలసోదరుడు కారమన్, బలవంతుడు, అమాయకుడు. తమ్ముడు దగ్గినపుడెల్ల మూలికల కషాయమునకు వేడినీరు తెచ్చియిచ్చుచు, తిట్లు పడుచు వెంటనుండును.

ఒక యుత్తరము మాత్రము వేరుగా నున్నది. తొమ్మిదేండ్లుగా మంచముననున్న మరిదికి సేవ చేయుచున్న సోదరి వ్రాసినది. అందులో నాలుగే వాక్యములు. "అందరును రైస్ట్లిన్‌ను మెచ్చుకొందురు. నీళ్ళు కాచు వానిని మొద్దు అందురు. నీళ్ళు కాచుట యెట్టిదో నాకు దెలియును. కారమన్ రాత్రి యెప్పుడు నిద్రించునో పుస్తకములో వెదకితిని, చాలచోట్ల వ్రాయలేదు." దీనికి నేనేమియు చేర్చజాలను.

నాకు నచ్చిన తావు కథ చివరినున్నది. పాక్స్ తార్కాస్ అను కోటలో శత్రువులు స్త్రీలను, పిల్లలను బంధించియుంతురు. వారిని జూపి బెదరించి మగవారిచేత గనులలో పనిచేయింతురు. పిల్లలకు కాపలాగా నొక ముసలి ఆడడ్రాగనును ఉంచిరి. మాటాఫ్లూర్ దాని పేరు. పూర్వము యుద్ధములో దాని పిల్లలన్నియు చచ్చినవి. వయస్సు మళ్ళి, మతి చలించి, ఈ మనుష్యుల బిడ్డలే తన బిడ్డలని యది నమ్మినది. బందీలైన స్త్రీలకు దానిపై భయమును జాలియు గలవు. తుదకు శత్రునాయకుని యెర్రడ్రాగను ఆ పిల్లలపైకి రాగా, ఈ ముసలిది తన జాతివానిపైనే విరుచుకొనిపడి, వానిని గూల్చి తానును గూలును.

ఇచ్చట పాచికల చప్పుడు నాకు వినబడలేదు. ఆదిపర్వములో సర్పములకు తల్లియైన కద్రువ, పందెములో గెలుచుటకై తన మాట వినలేదని కన్నబిడ్డలనే సర్పయాగమున గాలిపొండని శపించినది. ఆ ఘట్టమును చిన్ననాడు మా తండ్రిగారియొద్ద చదువుచు, తల్లి యట్లు శపించునాయని యడిగి, సమాధానము లేక యూరకుంటిని. ఇచ్చటి సర్పమాత పరుల బిడ్డలకొరకు ప్రాణము విడిచినది. పిచ్చిదియగుటచేత విడిచినదని కళాశాలసోదరి వాదింపవచ్చును. కానిండు. ఈ యొక్క ఘట్టముకొరకు తక్కిన గుహలన్నిటిని నేను క్షమించితిని.

బీరువాకు తాళము వేసిన సోదరికి ఇంతకుముందే వేరుగా జవాబు వ్రాసితిని. పుస్తకము విషము గాదు, రత్నమును గాదు. పరీక్షలవేళ రాత్రి మేలుకొనుట తప్పే, అది వేరుమాట. కాని చదువని పుస్తకమును చెడ్డదను ధైర్యమును నేను మీకీయజాలను, మీరే చదువుడు అంటిని. ఆమెకు కోపము వచ్చునని భయపడితిని. గతవారము కార్డు వచ్చినది. "తాళము తీసితిని. పుస్తకము వానికీయలేదు, నేనే చదువుచున్నాను, సగము అర్థముగాదు. మొన్న వాడు వంటయింటి గుమ్మమున నిలిచి, 'ఎంతవరకు వచ్చినావమ్మా?' అని యడిగినాడు. కోటవరకు వచ్చితినంటిని. 'ముసలి డ్రాగను వచ్చినదా?' యనుచు పీట వాల్చుకొని కూర్చున్నాడు. పరీక్షలు ఇంకను నాలుగు మిగిలియున్నవి."

రెండవభాగమును చదివినవారు తమ యభిప్రాయములను వచ్చు మాసపు సంచికకు పంపగోరెదను. కథాంతమును మాత్రము కార్డుపై వ్రాయకుడు. మా యింట కార్డులను నాకంటె ముందు మావారు చదువుదురు, వారింకను మొదటిభాగముననే యున్నారు.