తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని



ఛందస్సు మీద మొదలుపెట్టిన వ్యాసపరంపరను యతిస్థానాల దగ్గర ఆపి, ఈసారి కారు తాళం గురించి రాస్తున్నాను. తెలుగు పండితుడికి కారు తాళంతో పనేమిటని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. అయితే ఒకానొక ఉదయం నాకూ నా ఇల్లాలికీ ఎదురైన అవస్థను ముందు వినండి. "మాస్టారూ, కారు బాగానే ఉంది, మీరే అలవాటు పడాలి" అని నాకు దొరికిన జవాబు న్యాయమో కాదో ఆ తర్వాత మీరే తేల్చండి.

మా అబ్బాయికి చెన్నైలో ఉద్యోగం. మా ఇద్దరికోసం ఒక కారు కొనిపెట్టాడు. తాళంచెవి జేబులో ఉంటే చాలు, పిడి పట్టుకోగానే తలుపు తెరుచుకుంటుంది. మీట నొక్కితే ఇంజను మొదలవుతుంది. ఆ రోజు పొద్దున్నే వాణ్ణి రైలెక్కించడానికి తెనాలి వెళ్ళాం. మా ఆవిడకు కంటిలో శుక్లం తీయించి వారమైంది. తొమ్మిదింటికి అదే ఊళ్ళో డాక్టరుగారికి చూపించాలి గనుక ఆమె కూడా వచ్చింది. బండి వచ్చే వేళయిందని వాడు స్టేషను ముందు దిగి "వస్తా నాన్నా" అంటూ పరుగెత్తాడు. ఇంజను ఆపలేదు. తాళంచెవి వాడి చొక్కా జేబులో ఉంది. కారులో ఏదో కూత వినిపించింది. సీటు బెల్టు కూత కాబోలు అనుకున్నాను. చక్రం వెనుక ఇంగ్లీషు అక్షరాలేవో వెలిగాయి. కళ్ళజోడు సవరించుకునేలోగా ఆరిపోయాయి. బండి మాత్రం నడుస్తూనే ఉంది. బజారులో మందుల షాపు ముందు ఆపి, కంటిచుక్కలు కొని, వచ్చి మీట నొక్కాను. ఉలకలేదు, పలకలేదు.

అబ్బాయికి ఫోను చేస్తే అప్పటికి బాపట్ల దాటాడు. రెండో తాళంచెవి మా ఊళ్ళో బీరువాలో ఉంది. చెవి లేనిదే బయటినుంచి తాళం పడదు. కారును నడిబజారులో బార్లా వదిలేసి ఇద్దరం పోలేం. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఆమెను మందుల షాపువారి స్టూలు మీద కాపలాగా కూర్చోబెట్టి, నేను బస్సులో ఊరెళ్ళి వచ్చేసరికి రెండున్నర గంటలు పట్టింది. డాక్టరుగారు ఆపరేషన్లకు వెళ్ళిపోయారు. మర్నాడు మళ్ళీ రావలసి వచ్చింది. ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు. "ఏమండీ, చెవి లేకుండా ఇంతదూరం ఎట్లా వచ్చిందీ?" అని మాత్రం అడిగింది.

ఆమె ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే ఈ వ్యాసం తయారైంది. కారు అమ్మినవారిని అడిగితే, పైన చెప్పిన ఆ ఒక్క వాక్యంతో పంపించేశారు.

నేను యంత్రద్వేషిని కాను. ఉద్యోగ విరమణ తర్వాత లేఖినిలో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. అందుచేత ముందుగా పొగడవలసినదాన్ని పొగుడుతాను. కారు తాళాల్లో ఇమ్మొబిలైజర్ అనే ఏర్పాటు ఒకటుంది. తాళంచెవి తలలో చిన్న చిప్పు. ఇంజను మొదలయ్యేముందు కారు దాన్ని ఒక రహస్య సంకేతం అడుగుతుంది. సరైన జవాబు రాకపోతే ఇంజను కదలదు. ఐరోపా సమాజం 1998 నుంచి కొత్త కార్లన్నిటికీ దీన్ని తప్పనిసరి చేసింది. నెదర్లాండ్స్ లెక్కలు పరిశీలించిన ఆర్థికవేత్తలు దీనివల్ల కార్ల దొంగతనాలు సుమారు 40 శాతం తగ్గాయని తేల్చారు. అది లేకపోతే ఏమవుతుందో అమెరికా చూసింది. హ్యుందాయ్, కియా సంస్థలు అక్కడ అమ్మిన ఎన్నో కార్లలో ఈ ఏర్పాటు లేదు. 2021, 2022 సంవత్సరాల్లో కుర్రకారు యూఎస్‌బీ తీగ మొనతో వాటిని నడుపుకుపోయారు. 2023లో ఆ సంస్థలు దాదాపు 83 లక్షల కార్లకు సాఫ్ట్‌వేర్ మరమ్మతు ప్రకటించవలసి వచ్చింది. కనుక ఇమ్మొబిలైజర్‌కు నా నమస్కారం.

నా తగవంతా దాని పక్కన కూర్చున్న రెండోదానితో. దాని పేరు 'కీలెస్ ఎంట్రీ'. అమ్మేవారు రెంటినీ ఒకే మూటలో కట్టి 'భద్రత' అని పైన రాస్తారు. ఒకటి దొంగను ఆపడానికి పుట్టింది. రెండోది మనం జేబులో చెయ్యి పెట్టే శ్రమ తప్పించడానికి పుట్టింది. వ్యాకరణం చెప్పుకున్నవాణ్ణి గనుక పేరుతోనే మొదలుపెడతాను. 'చెవి లేనిది' అన్నప్పుడు చెవి లేకపోవాలి కదా! ఇక్కడ చెవి ఉంది, జేబులో భద్రంగా ఉంది. లేనిది ఏమిటంటే, చెవిని తాళంలో పెట్టి తిప్పే చెయ్యి. అంటే యజమాని సంకల్పం. నిజానికి దీనికి 'సంకల్పరహిత ప్రవేశం' అని పేరు పెట్టాలి.

పాత ఇనుప చెవి తిరిగిందంటే మూడు సంగతులు రుజువయ్యేవి. చెవి ఉన్నది, చెవి పట్టుకున్నవాడు ఇక్కడ ఉన్నాడు, వాడు తెరవదలిచాడు. ఇప్పటి కారు మొదటిదాన్ని మహా గట్టిగా పరీక్షిస్తుంది. రెండోదాన్ని ఊహించుకుంటుంది. మూడోదాన్ని తలుపు పిడి పట్టుకున్నవాడికి వదిలేస్తుంది, వాడెవడైనా సరే.

అదెలా జరుగుతుందో బడి భాషలో చెబుతాను. పిడి పట్టుకోగానే కారు సన్నని గొంతుతో పిలుస్తుంది. సాధారణంగా అది 125 కిలోహెర్ట్జ్ దగ్గరి తరంగం, మీటరో రెండు మీటర్లో మాత్రమే వినిపిస్తుంది. ఆ పిలుపు విన్న తాళంచెవి, వందల మెగాహెర్ట్జ్ తరంగం మీద గట్టిగా బదులు చెబుతుంది. పిలుపు సన్నన కాబట్టి, బదులు పలికినవాడు దగ్గరే ఉంటాడని కారు నమ్మకం. తరగతిలో హాజరు పిలిచే ఉపాధ్యాయుణ్ణి ఊహించుకోండి. తల పుస్తకంలోంచి ఎత్తడు. "పదిహేడు" అంటాడు. "వచ్చానండీ" అని వినిపిస్తుంది. గొంతు పదిహేడో నంబరువాడిదే, సందేహం లేదు. కానీ ఆ పిల్లవాడు ఇంట్లో మంచం మీద ఉన్నాడు. ఇద్దరు కొంటె కుర్రాళ్ళలో ఒకడు తరగతిలో, ఒకడు వాడి కిటికీ దగ్గర ఫోను పట్టుకుని, పిలుపును అటూ బదులును ఇటూ మోస్తున్నారు. మన పిల్లవాడు నిద్రలో కూడా పలుకుతాడు, వాడి తయారీయే అంత!

దీన్ని రిలే దొంగతనం అంటారు. ఒకడు కారు దగ్గర, ఒకడు మన వీధితలుపు దగ్గర. గుమ్మం పక్క మేకుకు తగిలించిన తాళంచెవి గోడ అవతలినుంచే పలుకుతుంది. సంకేతం ఎంత కఠినమైనదైనా లాభం లేదు. ఎందుకంటే దొంగ దాన్ని విప్పడం లేదు, మోస్తున్నాడంతే. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు ఫ్రాంసిలాన్, దానేవ్, చాప్‌కున్ ఎనిమిది సంస్థల 10 రకాల కార్ల మీద దీన్ని ప్రయోగించి 2011లో ప్రకటించారు. పదికి పదీ లొంగాయి. తర్వాత జర్మనీ వాహనదారుల సంఘం ఏడీఏసీ వందలాది నమూనాలను పరీక్షిస్తే అత్యధికం అలాగే తెరుచుకున్నాయి.

ఒకసారి మొదలయ్యాక ఇంజను చెవి లేకుండా కూడా నడుస్తుంది. నడిరోడ్డు మీద హఠాత్తుగా ఆగితే ప్రాణాపాయం గనుక అది అవసరమే, కాదనను. కానీ తెనాలి బజారు దాకా నన్ను మోసిన ఆ గుణమే దొంగనూ మోస్తుంది. మా ఆవిడ ప్రశ్నకు జవాబు ఇదీ.

ఈ సంకల్పలోపం దొంగతనంతో ఆగలేదు. అమెరికాలో ఇంటికి ఆనుకుని ఉండే గ్యారేజీలలో కారు నిలిపి, చెవి జేబులో ఉంది గనుక ఇంజను ఆగిందనుకుని లోపలికి వెళ్ళి పడుకున్నవారున్నారు. ఇంజను నడుస్తూనే ఉంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఇల్లంతా నిండింది. 2006 నుంచి అలా కనీసం 28 మంది మరణించారని 2018లో న్యూయార్క్ టైమ్స్ లెక్క తేల్చింది. ఇంజను తనంతట తాను ఆగిపోయే ఏర్పాటుకు నిబంధన చేయమని అక్కడి చట్టసభ ఆదేశించింది 2021లో! ఇనుప చెవిని తాళంలోంచి తీస్తే ఇంజను ఆగిందని చేతికే తెలిసేది. ఆ తెలివిడిని తీసేసినవారు దాని స్థానంలో నాలుగు కూతలు పెట్టారు. వృద్ధుల చెవికి ఆ కూతలన్నీ ఒకటే.

"విజ్ఞానం ఇంకా అంతవరకు రాలేదు మాస్టారూ" అంటారేమో. వచ్చింది. పలికినవాడు ఎంత దూరంలో ఉన్నాడో బదులు వచ్చిన కాలాన్ని బట్టి కొలవవచ్చునని బ్రాండ్స్, చౌమ్ అనేవారు 1993లోనే పద్ధతి రాశారు. కాంతి ఒక నానో సెకనులో 30 సెంటీమీటర్లు మాత్రమే పోగలదు. మోసుకొచ్చిన గొంతుకు ఆలస్యం తప్పదు. అల్ట్రా వైడ్ బ్యాండ్ అనే పేరుతో ఆ కొలత వాడిన కార్లు కొన్ని ఏడీఏసీ పరీక్షలో నిలబడ్డాయి కూడా. కదలకుండా పడి ఉన్న తాళంచెవి నిద్రపోయేలా చేసే ఏర్పాటూ ఉంది. మందు ఉంది, ఖరీదైన కార్లకు ముందు పోసి, మిగిలినవారికి తీరిగ్గా పోస్తున్నారు. అంతవరకు యజమాని రేకుడబ్బా కొనుక్కోవాలట! దొంగ చేతికి తాళాలిచ్చి, కాపలా మనల్ని కాయమన్నట్టు లేదూ?

పైగా లోపం చెప్పినవారి నోరు మూయడం ఒకటి. మెగామోస్ అనే ఇమ్మొబిలైజర్ సంకేతంలో బలహీనత ఉందని వెర్దుల్ట్, గార్సియా, ఎగె అనే ముగ్గురు పండితులు 2012లో చిప్పు తయారీదారుకు తెలియజేశారు. 2013లో ఫోక్స్‌వాగన్ లండన్ హైకోర్టుకు వెళ్ళి వారి పరిశోధనాపత్రాన్ని ఆపించింది. అది వెలుగు చూసింది 2015లో. పద్ధతి దాచిపెట్టడమే భద్రత అనుకోవడం తప్పని, రహస్యమంతా తాళంచెవిలోనే ఉండాలని 1883లో కెర్క్‌హాఫ్స్ అనే ఆయన సిద్ధాంతం చేశాడు. ఆయన ఏ ఇంజనీరో అనుకునేరు. భాషలు బోధించే ఉపాధ్యాయుడు! కనుక భాషాపండితుడికి తాళాలతో పనేమిటని ఇకమీదట నన్నెవరూ అడగకండి.

మరి మనవైపు సంగతి? కారు ఇలా పోతే అద్దం పగలదు, తాళం విరగదు, ఆనవాలు మిగలదు. మన దేశంలో బీమా సొమ్ము అడిగినప్పుడు మామూలుగా రెండు తాళంచెవులూ అప్పగించమంటారు. రెండూ భద్రంగా ఉండి కారు మాత్రం లేదంటే, అనుమానం ముందు ఎవరి మీదికి పోతుందో వేరే చెప్పాలా?

"అలవాటు పడండి" అన్నవారికి నా సమాధానం ఇది. అలవాటు పడవలసింది మనిషి కాదు, తాళం. నేను అడిగేవి మూడు. మొదటిది, చెవి దానంతటదే పలికే ఏర్పాటును వద్దనుకున్నవారు ఆపేసుకునే మీట ప్రతి కారులోనూ ఉండాలి. రెండోది, చెవి కారు దాటిపోయిందంటే కూత చాలదు. విన్నవాడికి అర్థమయ్యే మాట కావాలి, అది తెలుగులో కావాలి. నా కారుతో ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం వందల పుటలు ఉంది. అందులో తెలుగు ముక్క ఒక్కటి లేదు. మూడోది, అమ్మేటప్పుడే ఈ లోపం నోటితో చెప్పాలి. సిగరెట్టు పెట్టె మీద రాయించగలిగిన మనం దీన్ని చెప్పించలేమా?

అంతవరకు మీరు చేయగలిగినవి. రెండు తాళంచెవులనూ బిగుతు మూత ఉన్న రేకుడబ్బాలో పెట్టండి. ఆ డబ్బా పట్టుకుని కారు దగ్గరికి వెళ్ళి పిడి లాగి చూడండి. తెరుచుకుంటే డబ్బా పనికిరాదు. కొన్ని కార్లలో ఈ స్వయంపలుకును ఆపుకునే వీలుంది, పుస్తకం వెతకండి. తాళం పడిందని రూఢి చేసుకోనిదే కదలకండి. ఆ తరంగాన్ని గాలిలోనే అణచివేసే దొంగలున్నారు. ఆ ప్లాస్టిక్ బిళ్ళ పొట్టలో సాధారణంగా ఒక ఇనుప చెవి దాగి ఉంటుంది, ఎలా తీయాలో ఇవాళే నేర్చుకోండి. అన్నిటికీ మించి, ఎవరినైనా దింపేటప్పుడు ఇంజను ఆపి, చెవి ఎవరి జేబులో ఉందో అడగండి.

మన భాషలో తాళం తెరిచేదానికి 'చెవి' అని పేరు. ఇన్నాళ్ళూ అది పేరుకే చెవి. ఇప్పుడు నిజంగానే వింటోంది, ఎవరు పిలిచినా పలుకుతోంది. పిలిచింది యజమానో కాదో కనుక్కునే బుద్ధి దానికి పెట్టనివారు, నా బుద్ధికి అలవాటు నేర్పబోవడం నేను ఒప్పుకోను. విభేదించేవారు నిరభ్యంతరంగా రాయండి, జవాబిస్తాను.

వచ్చేవారం మళ్ళీ యతిస్థానాల దగ్గర కలుద్దాం. స్వస్తి.