బండియింటి లెక్క

అమరావతిలో కృష్ణ ప్రక్కనే యున్నను, వేసవిరాత్రి కరెంటు పోయినచో ఇంటిలో నిద్ర పట్టదు. 2022 ఏప్రిల్‌లో బొగ్గు కొరత వచ్చి, రాష్ట్రములోని పరిశ్రమలకే వారమున కొకనాడు విద్యుత్తు సెలవు ప్రకటింపవలసి వచ్చినది. ఇండ్లకును కోతలు తప్పలేదు. పదవ తరగతి పరీక్షలు ఆ నెల 27వ తేదీననే మొదలైనవి.

అమెరికాలో చక్రముల బండినే ఇల్లుగా చేసికొని కాపురముండువారు కలరు. దాని గోడలు పలుచనివి. ఎండకు త్వరగా కాగును. కరెంటు పోయినచో బ్యాటరీయే దిక్కు. కావున వారు బండిని చెట్టునీడ నిలిపి, సౌరఫలకమును మాత్రము పొడుగు తీగతో ఎండలో నుంచుదురు. ప్రతి వాటును లెక్కింతురు.

ఆ లెక్క మన బడిపిల్లలకును రావలెను. 12 వోల్టుల, 100 ఆంపియర్ గంటల బ్యాటరీలో నుండునది 1200 వాట్ గంటలు. సీసపు బ్యాటరీని సగమునకు మించి వాడరాదు గనుక మనకు దక్కునది 600. 1500 వాట్ల ఏసీకి అది అరగంటకైనను చాలదు. రెండు 9 వాట్ల ఎల్‌ఈడీ దీపములు, ఒక 30 వాట్ల ఫ్యాను కలిసి 48 వాట్లు. కొంత నష్టము పోయినను పదిగంటలు నడచును.

ఇన్వర్టరు కొనగలవారికి కోత యొక చికాకు మాత్రమే. కొనలేని యింటి విద్యార్థికి అది పోయిన చదువు. కావున ప్రతి ఉన్నత పాఠశాలయు పరీక్షలకు ముందే ఒక గదికి ఇట్టి బ్యాటరీ నమర్చి, రాత్రివేళ తెరచి యుంచవలెను. ఉపాధ్యాయులు పగలు ఈ లెక్కను నల్లబల్లపై చేయింతురు గాక. రాత్రి పిల్లలు ఆ దీపము క్రిందనే చదువుకొందురు.